కుట్టు ఛానెల్‌కు చూసేవాళ్లను పెంచుకోవడం ఎలా? మొదటి వీడియో నుంచి మానిటైజేషన్ దాకా

ఇంట్లో మిషన్ ఉంది, చేతిలో పనితనం ఉంది, యూట్యూబ్ ఛానెల్ పెట్టి చాలా రోజులైంది. వ్యూస్ మాత్రం వందా రెండు వందల దగ్గరే ఆగిపోతున్నాయి. ఇలాంటి ఛానెళ్లు తెలుగులో కోకొల్లలు. బ్లౌజ్ కటింగ్ అని కొట్టి చూడండి, కిందికి జరుపుతూ పోతే అంతుండదు. వాటిలో చాలా వీడియోలు ఒకే పని చేస్తాయి: 36 సైజు బ్లౌజ్ మొదటి నుంచి చివరిదాకా. చూసినామె నేర్చుకుంటుంది, వెళ్లిపోతుంది. మర్నాటికి ఆ ఛానెల్ పేరు కూడా గుర్తుండదు.

ఒక వీడియో చూసినామె మీదే ఇంకొకటి చూస్తే ఛానెల్ పెరుగుతుంది. సబ్‌స్క్రైబర్లు, లైకులు, వైరల్ కావడం అన్నీ ఆ తర్వాతి సంగతులు. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ రెండో వీడియో కోసమే. కుట్టుపనినే ఉదాహరణగా తీసుకున్నాను. వంట, మిద్దెతోట, బైక్ రిపేర్ ఛానెళ్లు నడిపేవాళ్లకు కూడా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

1. ఎవరికి చెబుతున్నారో ముందు తేల్చుకోండి

కుట్టు వీడియోలు చూసేవాళ్లు ముఖ్యంగా మూడు రకాలు. మిషన్ కొత్తగా కొనుక్కుని తన బ్లౌజ్ తానే కుట్టుకోవాలనుకునే గృహిణి ఒకరు. ఊళ్లో నాలుగు ఆర్డర్లు పట్టుకుని, కస్టమర్ అడిగిన కొత్త మోడల్ రాక తంటాలు పడే టైలరమ్మ రెండోవారు. కుట్టడంతో పని లేదు, టైలర్‌కు చూపించడానికి డిజైన్ కావాలి అనుకునేవారు మూడోవారు. ముగ్గురికీ ఒకే ఛానెల్‌లో వడ్డిస్తే ఎవరికీ కడుపు నిండదు. డిజైన్ల కోసం వచ్చినామెకు డాట్ల లెక్క అక్కర్లేదు. టైలరమ్మకు సూదిలో దారం ఎక్కించడం నేర్పితే నవ్వుకుంటుంది.

ఒకరిని ఎంచుకోండి. నన్నడిగితే రెండోవారిని ఎంచుకోమంటాను. ఆమెకు ప్రతివారం కొత్త చిక్కు వస్తుంది, కాబట్టి మళ్లీ మళ్లీ వస్తుంది. గృహిణి తన సైజు కుదిరాక ఆగిపోవచ్చు.

మీ ఊరు, మీ మాట దాచకండి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి నడిచే 'మై విలేజ్ షో' ఆ ఊరి యాసను అలాగే ఉంచింది. అందులో కనబడే గంగవ్వ 2020లో బిగ్‌బాస్ తెలుగు నాలుగో సీజన్ దాకా వెళ్లింది. 'కంట్రీ ఫుడ్స్' ఛానెల్‌లో కట్టెల పొయ్యి మీద వండిన మస్తానమ్మ కూడా తన మామూలు చీరలోనే కూర్చుని, తనకు తెలిసిన తీరులోనే వండింది. స్టూడియో భాష తెచ్చిపెట్టుకోవాల్సిన అవసరం ఇద్దరికీ రాలేదు. మీరు కస్టమర్‌తో "చంక కాడ పట్టేసిందా అక్కా?" అని ఎలా అంటారో వీడియోలోనూ అలాగే అనండి.

2. వీడియోల జాబితా: మోడళ్లు వద్దు, చిక్కులు రాయండి

నోట్‌బుక్ తీసుకుని, మీ దగ్గరికి వాపసు వచ్చిన బ్లౌజులన్నీ గుర్తు చేసుకోండి. భుజం జారుతోంది. చెయ్యి ఎత్తితే బ్లౌజ్ మొత్తం పైకి లేస్తోంది. చంక దగ్గర ముడతలు. ముందు మెడ లూజుగా నిలబడుతోంది. హుక్స్ పట్టీ మధ్యలో నోరు తెరుస్తోంది. లైనింగ్ కిందికి వేలాడుతోంది. ఆది బ్లౌజ్ ఇచ్చినా కొలత తప్పింది. వీటిలో ప్రతిదీ ఒక వీడియో. '36 సైజు బ్లౌజ్ కటింగ్' అని వెతికే మనిషి తీరిగ్గా ఉంటుంది. 'చంక దగ్గర ముడతలు' అని వెతికే మనిషి చేతిలో పాడైన బ్లౌజ్ ఉంటుంది, సాయంత్రానికి కస్టమర్ వస్తుంది. ఆ టెన్షన్‌లో ఉన్నామెను గట్టెక్కిస్తే మీ పేరు మరిచిపోదు.

ఇంకొన్ని ప్రశ్నలు యూట్యూబే చెబుతుంది. వెతికే పెట్టెలో 'బ్లౌజ్ భుజం' అని కొట్టి ఆగండి, కింద జనం వెతుకుతున్న మాటలు వరసగా వస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి కూడా చూడండి, చాలామంది వెతికేది అలాగే. పెద్ద కుట్టు ఛానెళ్ల కింద జవాబు రాని కామెంట్లు ఇంకా మంచి గని.

జాబితా తయారయ్యాక ఒక్కో చిక్కు పక్కన, అది తీరగానే ఆమెకు ఏ అనుమానం వస్తుందో రాయండి. భుజం జారడం తగ్గించాలంటే షోల్డర్ తగ్గిస్తాం. షోల్డర్ తగ్గిస్తే వెనక మెడ వెడల్పు ఎంత పెట్టాలి అన్న ప్రశ్న వస్తుంది. మెడ మారిస్తే చంక లోతు సంగతేమిటి? ఇలా మూడు నాలుగు వీడియోలు గొలుసుగా కుదురుతాయి. షూటింగ్ మొదలు కాకముందే గొలుసు కాగితం మీద ఉండాలి. తర్వాత అతికించడం కష్టం.

3. షూటింగ్: టేపు మీద అంకె కనబడాలి

మంచి ఫోన్ ఉంటే చాలు, కెమెరా కొనొద్దు. కటింగ్ టేబుల్‌కు బిగించే స్టాండ్ మాత్రం కొనండి. ఫోన్ నిట్టనిలువుగా పైనుంచి గుడ్డను చూడాలి. పక్క నుంచి తీస్తే కొలతలు వంకరగా కనబడి, చూసేవాళ్లు తికమక పడతారు.

కటింగ్ చూపేటప్పుడు పువ్వుల గుడ్డ వాడకండి. లేత రంగు ప్లెయిన్ కాటన్ మీద ముదురు చాక్, లేదా ముదురు గుడ్డ మీద తెల్ల చాక్. గీత ఫోన్ స్క్రీన్ మీద కనబడకపోతే వీడియో అక్కడే చచ్చిపోయినట్టు. ఫ్యాన్ ఆపేయండి. గుడ్డ ఎగురుతుంది, రెక్కల నీడ తిరుగుతుంది, చప్పుడు కూడా. కిటికీ ఎడమ పక్క ఉంటే కుడిచేతి వాటం వాళ్ల చెయ్యి నీడ గీత మీద పడదు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీస్తే చారలు కదులుతున్నట్టు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే అవి పోతాయి.

మిషన్ తొక్కుతూ మాట్లాడితే ఒక్క ముక్క వినబడదు. కుట్టే దృశ్యం విడిగా తీసుకుని, మాట తర్వాత రికార్డు చేసి కలపండి. గుడ్డల బీరువా తెరిచి దానికి ఎదురుగా కూర్చుని మాట్లాడితే గొంతు గింగురుమనదు. ఈ సౌకర్యం టైలర్లకు పుట్టుకతోనే ఉంది.

కొలత చెప్పేటప్పుడు లెక్క కూడా చెప్పండి. "ఇక్కడ తొమ్మిది పెట్టండి" అంటే 36 చెస్ట్ ఉన్నామెకే పనికొస్తుంది. "చెస్ట్‌లో నాలుగో వంతు, మనది 36 కాబట్టి 9, దానికి లూజూ మార్జినూ కలపాలి" అంటే 42 ఉన్నామె కూడా చివరిదాకా కూర్చుంటుంది. అంకె పలికినప్పుడల్లా వేలు టేపు మీద ఉండాలి, స్క్రీన్ మీద పెద్ద అక్షరాల్లో పడాలి.

4. మొదటి అర నిమిషం

"హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు మై ఛానెల్, కొత్తగా వచ్చినవాళ్లు సబ్‌స్క్రైబ్ చేసుకోండి, బెల్ ఐకాన్ నొక్కండి" అన్నది పూర్తయ్యేలోపు చాలామంది వెళ్లిపోతారు. ముడతలు పడిన బ్లౌజ్ వేసుకున్న భుజం చూపించండి. వెంటనే, సరిచేశాక అదే భుజం చూపించండి. "ఈ ముడత చంక లోతు తక్కువై వచ్చింది, ఎంత తక్కువైందో ఎలా పట్టుకోవాలో చూద్దాం" అని పనిలోకి దిగండి. సబ్‌స్క్రైబ్ మాట ఆమెకు పని జరిగాక చెప్పొచ్చు.

వీడియో పెట్టిన వారానికి యూట్యూబ్ స్టూడియోలో ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ తెరవండి. చూసేవాళ్లు ఏ సెకనులో జారిపోయారో అది చెబుతుంది. మొదట్లో నిటారుగా పడితే థంబ్‌నెయిల్ (నొక్కకముందు కనబడే వీడియో బొమ్మ) చెప్పిన మాట వీడియో నిలబెట్టుకోలేదని. మధ్యలో ఒక్కసారిగా పడితే అక్కడ మీరు సాగదీశారు. గీత పైకి లేచిన చోటు మరీ ఆసక్తికరం. చాలామంది అక్కడికి వెనక్కి వచ్చి మళ్లీ చూశారన్నమాట. వంట వీడియోలో అది రుచికరమైన దృశ్యం కావచ్చు. కటింగ్ వీడియోలో మాత్రం సాధారణంగా కొలత సరిగా కనబడలేదనే అర్థం. అలాంటి చోటు ఉంటే ఆ ఒక్క కొలత మీద విడిగా ఒక వీడియో చేయండి, అడగకుండానే దొరికిన అంశం అది.

5. టైటిల్, థంబ్‌నెయిల్

సొంత థంబ్‌నెయిల్ పెట్టాలంటే ఛానెల్‌కు ఫోన్ నంబర్ వెరిఫికేషన్ పూర్తి కావాలి. కొలత 1280×720 పిక్సెళ్లు. అందులో ఒకే బొమ్మ, నాలుగు మాటలకు మించకుండా తెలుగు. పాడైనది ఎడమ, బాగైనది కుడి. మీ ముఖం పెట్టడం మీ ఇష్టం, ఈ రకం వీడియోకు బ్లౌజ్ ముఖ్యం. వీడియోలో లేని మగ్గం వర్క్ థంబ్‌నెయిల్ మీద పెట్టి రప్పిస్తే క్లిక్ వస్తుంది, మనిషి నిలవదు.

టైటిల్‌లో మొదటి సగం తెలుగు లిపిలో, మిగతా సగం జనం వెతికే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఉంటే రెండు వైపులా దొరుకుతారు. ముఖ్యమైన మాట మొదట్లోనే రావాలి, ఫోన్‌లో చివర తెగిపోతుంది.

థంబ్‌నెయిల్ కనబడినవాళ్లలో ఎంత శాతం నొక్కారో చెప్పే క్లిక్ త్రూ రేటు చూసి బెంగపడకండి. యూట్యూబ్‌లో సగం ఛానెళ్లకు అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబ్ సహాయ పేజీలే చెబుతున్నాయి. కొత్త వీడియో మీ పాతవాళ్లకు కనబడుతున్నంతసేపు ఎక్కువగా ఉండి, తెలియనివాళ్లకు చేరేకొద్దీ తగ్గడం మామూలే. మీ వీడియోల్లో ఒకదానితో ఒకటి పోల్చుకోండి. కంప్యూటర్‌లో స్టూడియో తెరిస్తే ఒకే వీడియోకు మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి పరీక్షించే వీలు కూడా ఉంది.

6. రెండో వీడియోకు దారి వేయండి

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. వీడియో చివర "థాంక్యూ, మళ్లీ కలుద్దాం, బై" అంటారు. ఆ మాట వినగానే వేలు వెనక్కి బాణం మీదికి పోతుంది. వీడ్కోలు చెప్పొద్దు. "షోల్డర్ అర అంగుళం తగ్గించాం కదా, ఇప్పుడు వెనక మెడ ఎంత పెట్టాలో ఇక్కడ చూడండి" అని చెబుతూ ఎండ్ స్క్రీన్‌లో, అంటే వీడియో చివర వేరే వీడియోలను చూపే పెట్టెల్లో, ఆ వీడియో పెట్టండి. ఎండ్ స్క్రీన్ చివరి 5 నుంచి 20 సెకన్లలో వస్తుంది. దాని మీద నాలుగు పెట్టెల దాకా పెట్టనిస్తుంది, మీరు ఒక్కటే పెట్టండి. నాలుగు పెడితే ఏదీ నొక్కరు. ఆ ఇరవై సెకన్లకు సరిపడా మాట, ఖాళీ జాగా ముందే షూట్ చేసుకోవాలి.

కామెంట్లలో పిన్ చేసిన మొదటి కామెంట్ కూడా అదే వీడియో లింకు కావాలి. ప్లేలిస్టులకు 'ఆల్ వీడియోస్' లాంటి పేర్లు వద్దు. 'భుజం చిక్కులు', 'చంక చిక్కులు', 'లావుగా ఉన్నవాళ్ల బ్లౌజులు' అని పెట్టండి. లింకు వాట్సాప్‌లో పంచేటప్పుడు ప్లేలిస్టులో నుంచి తీసిన లింకు పంచితే, ఒకటి అయ్యాక తర్వాతిది మీదే వస్తుంది.

ఇదంతా పనిచేస్తోందా లేదా తెలియాలంటే ఎనలిటిక్స్‌లో ఆడియన్స్ భాగం చూడండి. కొత్తగా వచ్చినవాళ్లెందరు, తిరిగి వచ్చినవాళ్లెందరు అన్నది అక్కడ ఉంటుంది. తిరిగి వచ్చేవాళ్ల గీత నెలనెలా కొంచెం కొంచెం లేస్తుంటే, సబ్‌స్క్రైబర్ల సంఖ్య ఎంత ఉన్నా మీ బండి సరైన దారిలోనే ఉంది.

7. షార్ట్స్, రీల్స్

2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. ఆ ఖాళీలోకి జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. రెండూ మొహాలు పరిచయం చేయడానికి బాగుంటాయి. కానీ షార్ట్ చూసి సబ్‌స్క్రైబ్ చేసినామె ఇరవై నిమిషాల కటింగ్ వీడియో చూస్తుందన్న నమ్మకం లేదు. లక్షల వ్యూస్ వచ్చిన షార్ట్ ఉన్నా, పెద్ద వీడియోకు మూడొందలు దాటని ఛానెళ్లు అందుకే కనబడతాయి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు, ఎంతసేపు చూశారన్న దాంతో పని లేకుండా వ్యూ లెక్కిస్తున్నారు. కాబట్టి ఆ అంకెను చూసి మురిసిపోనక్కర్లేదు.

షార్ట్‌లో చిక్కు ఒక్కటే చూపించండి, కారణం చెప్పండి, పరిష్కారం పెద్ద వీడియోలో ఉందని చెప్పండి. షార్ట్ కింద వివరణలో, కామెంట్లలో పెట్టే లింకులు 2023 ఆగస్టు చివరి నుంచి నొక్కినా తెరుచుకోవు. స్టూడియోలో ఆ షార్ట్‌ను ఎడిట్ చేసి 'రిలేటెడ్ వీడియో' దగ్గర పెద్ద వీడియోను జత చేయాలి. ఈ చిన్న పని చేయక ఎందరో తమ షార్ట్స్‌ను గాలికి వదిలేస్తున్నారు.

8. ఎప్పుడు పెట్టాలి

గంటా నిమిషాల కంటే నెల ముఖ్యం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, షాపుల్లో చీరలకు డిస్కౌంట్లు ఉంటాయి. జనం అప్పుడు కొని, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి, పెళ్లిళ్లకు కుట్టించుకుంటారు. పట్టుచీర బ్లౌజ్, పఫ్ హ్యాండ్స్, లైనింగ్ వీడియోలు ఆషాఢం సగంలోనే బయట ఉండాలి. వ్రతం వారంలో పెడితే అప్పటికే గుడ్డ కత్తిరించేసి ఉంటారు. దసరాకు, సంక్రాంతికి కూడా నెల ముందు. ఆషాఢం మొదట్లో ఆర్డర్లు పలచబడతాయి కాబట్టి, నాలుగైదు వీడియోలు ఒక్కసారే తీసి దాచుకోవడానికి అదే సమయం. వారానికి ఒక్కటి చాలు. రోజుకొకటి పెట్టి మూడో వారానికి అలిసిపోయి ఆపేసినవాళ్లే ఎక్కువ.

9. కామెంట్లు, భద్రత

మొదటి ఏడాది ప్రతి ప్రశ్నకూ జవాబివ్వండి. "సూపర్ అక్కా"కు ఒక గుండె గుర్తు చాలు. "నాది 40 చెస్ట్, చంక ఎంత పెట్టాలి?" అన్నదానికి మాత్రం కొలతతో సహా రాయాలి. అదే ప్రశ్న నలుగురడిగితే తర్వాతి వీడియో అదే. వీడియోలో "గుంటూరు నుంచి ఒక చెల్లి అడిగింది" అని ఊరు చెప్పండి, పేరు అక్కర్లేదు. అడిగినామె ఆ వీడియో లింకును చుట్టాలందరికీ పంపుతుంది.

ఆడవాళ్లు నడిపే ఛానెళ్ల కింద చెత్త రాసేవాళ్లు తప్పరు. స్టూడియో సెట్టింగ్స్‌లో బ్లాక్ చేయాల్సిన మాటల జాబితా ఉంటుంది. బూతులను తెలుగు లిపిలోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఎక్కించేయండి, ఆ మాటలున్న కామెంట్లు బయటికి కనబడవు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. ఆర్డర్ల కోసం ఇంటి నంబర్ ఇవ్వకుండా, వేరే సిమ్‌తో వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. ఛానెల్ కాస్త పెరగగానే "మా బ్రాండ్‌తో కలిసి పని చేయండి" అని ఫైలు జత చేసిన మెయిళ్లు వస్తాయి. కొన్నింటిలో ఆ ఫైలు తెరిస్తే ఛానెల్ పోతుంది. గూగుల్ ఖాతాకు టూ స్టెప్ వెరిఫికేషన్ ఈరోజే పెట్టండి.

వెనక సినిమా పాట పెట్టొద్దు. పాట తమదని హక్కుదారు క్లెయిమ్ వేస్తే ఆ వీడియో డబ్బు వాళ్లకు పోవచ్చు. కాపీరైట్ స్ట్రైకులు 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. "నాది చేయి, నీది చేస్తా" అనే సబ్‌స్క్రైబ్ గ్రూపుల జోలికీ పోవద్దు. నిబంధనలకు విరుద్ధం, పైగా వాళ్లలో ఒక్కరికీ కుట్టు అక్కర్లేదు.

10. డబ్బు

యాడ్స్ ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ కావాలి. లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. పెద్ద వీడియోల యాడ్స్‌లో 55 శాతం, షార్ట్స్‌లో మీ వాటాకు కేటాయించిన దానిలో 45 శాతం మీకు వస్తుంది. యాడ్స్ డబ్బు చేరే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్‌లో 10 డాలర్లు చేరాక ఇంటి చిరునామాకు పిన్ ఉన్న ఉత్తరం వస్తుంది. ఊళ్లలో అది పోస్టాఫీసులోనే ఉండిపోతుంటుంది, పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి ఉంచండి. 100 డాలర్లు దాటాక బ్యాంకులో పడుతుంది.

అమెరికా పన్ను ఫారం తప్పకుండా నింపండి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు చూసిన వీడియోల ఆదాయం మీద, భారత్, అమెరికా మధ్య ఉన్న పన్ను ఒప్పందం ప్రకారం పాన్ నంబర్ ఇస్తే 15 శాతమే పోతుంది. ఫారం ఇవ్వకపోతే వ్యక్తిగత ఖాతాలకు మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా పట్టేస్తారు.

మిషన్ కంపెనీయో మెటీరియల్ షాపో వస్తువు ఉచితంగా ఇచ్చి చూపించమంటే, అది ప్రమోషన్ అని వీడియోలోనే కనబడేలా చెప్పాలి. దాస్తే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

యాడ్స్ కంటే ముందే డబ్బు తెచ్చే దారులు కుట్టు ఛానెల్‌కు ఉన్నాయి. ఒక్కో సైజుకు కాగితం కటింగులు కొరియర్‌లో పంపడం, జూమ్‌లో చిన్న బ్యాచ్ క్లాసులు, ఫిట్టింగ్ సరిచేసే ఆర్డర్లు. రెండు వేల మంది సబ్‌స్క్రైబర్లున్న టైలరమ్మ మీద నమ్మకం కుదిరితే వాళ్లలో కొందరు డబ్బు కట్టి నేర్చుకుంటారు. ధర వీడియోలో బాహాటంగా చెప్పండి. "ఇన్‌బాక్స్‌లో అడగండి" అంటే సగం మంది అడగరు.

ఆడని వీడియోలను డిలీట్ చేయకండి. ముందు థంబ్‌నెయిల్, తర్వాత టైటిల్ మార్చి నెల చూడండి. చిక్కుల వీడియోలు నెమ్మదిగా లేస్తాయి. ఆషాఢంలో పెట్టినది మరుసటి శ్రావణంలో పరిగెత్తడం అరుదేమీ కాదు. ఎండ్ స్క్రీన్లు మాత్రం మూడు నెలలకోసారి తిరగేసి, పాత వీడియోల చివర కొత్త వీడియోలకు దారి మళ్లించండి.